చలికాలపు పరుగు – ఆరోవాడి విలువ

పరుగెత్తి పాలు తాగడం కంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని మన పెద్దలు అన్నారు. ఆ సామెత చెప్పిన మహానుభావుడు ఏ కాలేజీ స్పోర్ట్సులోనో చివర వచ్చి ఉంటాడని నా అనుమానం.

సావనీరుకు ఏదైనా వ్రాయమని విద్యార్థి సంఘం కార్యదర్శి మా ఇంటికి వచ్చి అడిగినప్పుడు, "మీరు ఇంగ్లండులో చదివి వచ్చారు గదండీ మాస్టారూ, అక్కడి విశేషాలేమైనా చెప్పండి" అన్నాడు. అక్కడి లైబ్రరీల గురించో, లేబొరేటరీల గురించో వ్రాస్తానని అనుకొని ఉంటాడు. వాటి గురించి వ్రాసినవారు చాలామంది ఉన్నారు. నేను అక్కడి చలికాలంలో, బురదలో, ఊరి క్లబ్బువాళ్ళతో కలిసి పరుగెత్తిన పందేల గురించి వ్రాస్తాను. కెమిస్ట్రీ మాస్టారికి ఇదేమిటని పాత విద్యార్థులు నవ్వుకోవచ్చు. చివరి దాకా చదివి అప్పుడు నవ్వండి.

ముందుగా ఒక చిన్న సంగతి

నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒక అంతర కళాశాలల పోటీలో 5,000 మీటర్ల పరుగుకు పేరిచ్చాను. అది ఏ ఊళ్ళో, ఎవరు జరిపారో ఇప్పుడు అనవసరం. 400 మీటర్ల ట్రాక్ మీద పన్నెండున్నర రౌండ్లు. మొదటి ముగ్గురూ ముగించేసరికి నాకింకా రెండు రౌండ్లు మిగిలి ఉన్నాయి. ఒక అధికారి ట్రాక్ మీదికి వచ్చి, "ఇంక చాల్లే బాబూ, పక్కకి తప్పుకో, రిలే మొదలుపెట్టాలి" అన్నాడు. ఆయన్ను తప్పుపట్టడం లేదు. ఎండ ముదురుతోంది, ముఖ్య అతిథి చేతి గడియారం చూసుకుంటున్నాడు. నేను పక్కకు తప్పుకున్నాను. ఆ పందెంలో నేను ఎన్నోవాణ్ణో ఈనాటికీ ఏ కాగితం మీదా లేదు.

ఆ తరువాత నాలుగైదేళ్ళు నేను బస్సు కోసం తప్ప పరుగెత్తలేదు.

ఊరి క్లబ్బు

1983లో రీసెర్చి కోసం ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలో ఒక చిన్న ఊరికి వెళ్ళాను. అక్టోబరు చివరికి వచ్చేసరికి సాయంత్రం ఐదింటికల్లా చీకటి. డిసెంబరులో నాలుగింటికే దీపాలు పెట్టేవారు. గది, లేబరేటరీ, మళ్ళీ గది. మనుషులతో మాట్లాడి ఎన్ని రోజులైందో లెక్కపెట్టుకునే స్థితి వచ్చింది. మా లేబరేటరీలో గాజు పరికరాలు చేసే ఒక పెద్దాయన నా వాలకం చూసి, "శనివారం మా క్లబ్బుకి రా, పరుగెడదాం" అన్నాడు. "నేను పరుగెత్తలేనండీ" అంటే, "అందుకే రమ్మంటున్నాను, మాకు మనుషులు తక్కువయ్యారు" అన్నాడు. ఆ మాటకు అర్థం తెలియడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

అది యూనివర్శిటీ క్లబ్బు కాదు, ఊరి క్లబ్బు. అందులో బడిపంతుళ్ళు, పోస్టుమాన్‌లు, ఒక బస్సు డ్రైవరు, బాంకి గుమాస్తాలు, నర్సులు, నాబోటి విద్యార్థులు ఉండేవారు. పదిహేనేళ్ళ కుర్రవాడి దగ్గర నుంచి అరవై దాటిన తాతగారి దాకా అందరూ ఒకే రంగు బనీను తొడిగేవారు. సొంత స్టేడియం లేదు, భవనం లేదు. బట్టలు మార్చుకోవడానికి ఒక బడిలో గది, పరుగెత్తడానికి ఊరి చుట్టూ ఉన్న పొలాలు, అడవి దారులు, గుట్టలు. ఆస్తి అని చెప్పుకోవడానికి ఒక పెద్ద టీ డ్రమ్ము మాత్రం ఉండేది.

వాళ్ళు పరుగెత్తే పందేన్ని క్రాస్‌కంట్రీ అంటారు. అంటే ట్రాక్ కాదు, రోడ్డు కాదు, పొలాలకు అడ్డం పడి పోవడమన్న మాట. వానకు నానిన ఇంగ్లండు పొలం ఎలా ఉంటుందో మన కోస్తావాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. దమ్ము చేసిన మడిలో పరుగెత్తమంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. కాకపోతే ఆ మడిలో నీళ్ళు మంచుగడ్డలా ఉంటాయి. నా మొదటి పందెంలో ఎడమకాలి బూటు బురద తినేసింది. వెనక్కి తిరిగి, చేత్తో తవ్వి తీసుకొని, మళ్ళీ తొడుక్కొని వచ్చాను. ఈ సంగతి ఇంటికి వ్రాస్తే మా నాన్నగారి జవాబు వచ్చింది: "చి॥వాడికి ఆశీస్సులు. రీసెర్చికని పంపితే బురదలో పరుగెడుతున్నావని తెలిసి మీ అమ్మ కంగారుపడుతోంది. ఆ దేశంలో ట్రాక్టర్లు లేవా?"

కుందేళ్ళు, వేటకుక్కలు

ఇంత వింత ఆట ఎక్కడ నుంచి పుట్టిందని అడిగితే, బళ్ళలో పిల్లల ఆట నుంచి పుట్టింది. దాని పేరే కుందేలూ వేటకుక్కల ఆట. ఇద్దరు కుర్రవాళ్ళు కుందేళ్ళు. వాళ్ళు సంచీనిండా చింపిన కాగితపు ముక్కలు పట్టుకొని, వాటిని చల్లుకుంటూ ముందు పోతారు. కొన్ని నిమిషాలు ఆగి, మిగతావాళ్ళందరూ వేటకుక్కలై ఆ కాగితాల జాడ వెంట పడతారు. కుందేళ్ళు మధ్యమధ్య తప్పుడు జాడ కూడా వేస్తాయి. అప్పుడు ముందు పోయిన వేగస్థులు ఆ తప్పుడు జాడలో చిక్కుకొని వెతుక్కుంటూ ఉంటే, వెనుకబడినవాళ్ళు వచ్చి కలుసుకుంటారు. ఈ చిన్న కిటుకులోనే ఈ ఆట స్వభావమంతా ఉంది.

ష్రూస్‌బరీ బడిలో ఈ ఆటకు 1831 నుంచీ వ్రాతప్రతులు ఉన్నాయి. అక్కడి పరుగు క్లబ్బును ఈనాటికీ 'హంట్' అంటే 'వేట' అనే పిలుస్తారు. పరుగెత్తేవాళ్ళు వేటకుక్కలు, నాయకుడు వేటగాడు. రగ్బీ బడిలో ఈ ఆట ఎలా ఉండేదో థామస్ హ్యూస్ తన 'టామ్ బ్రౌన్స్ స్కూల్ డేస్' నవలలో వర్ణించాడు. అది 1857లో అచ్చయింది. ఆ పుస్తకం చదివిన పిల్లలు పెద్దవాళ్ళయ్యాక కూడా ఈ సరదా వదులుకోలేదు.

పెద్దల క్లబ్బు పుట్టుక ఇంకా చిత్రంగా ఉంటుంది. లండన్‌లో థేమ్స్ నది మీద పడవలు నడిపే క్లబ్బువాళ్ళకు చలికాలంలో పని ఉండదు. ఒళ్ళు బిగిసిపోకుండా ఏం చేద్దామని ఆలోచించి, 1867 డిసెంబరులో వింబుల్డన్ పొలాల మీద ఒక పరుగుపందెం పెట్టుకున్నారు. అది బాగుందనిపించి 1868లో 'థేమ్స్ హేర్ అండ్ హౌండ్స్' అనే క్లబ్బు ఏర్పరిచారు. అది ఇప్పటికీ నడుస్తోంది. ఆ తరువాత ఊరూరా క్లబ్బులు లేచాయి. కుందేళ్ళను తరిమే జాతి కుక్కను ఇంగ్లీషులో హారియర్ అంటారు. అందుకే అక్కడ ఎన్నో పరుగు క్లబ్బుల పేర్ల చివర 'హారియర్స్' అని ఉంటుంది. 1877లో పుట్టిన బర్మింగ్‌హామ్ నగరపు బర్చ్‌ఫీల్డ్ హారియర్స్ వాటిలో పేరుపడ్డది. 1938లో కౌలాలంపూర్‌లో ఉద్యోగాలు చేసుకునే కొందరు ఇంగ్లీషువాళ్ళు ఇదే కాగితాల ఆటను మలయా రబ్బరు తోటల్లోకి తీసుకుపోయి 'హాష్ హౌస్ హారియర్స్' ప్రారంభించారు. వాళ్ళు భోజనం చేసే చోట వంట బాగుండదని ఆ చోటుకు పెట్టిన ఎగతాళి పేరే ఈ హాష్ హౌస్. హాస్టలు మెస్సుకు పేర్లు పెట్టడంలో మనమొక్కరమే ఘనులం కామని తెలిసి నాకు సంతోషం కలిగింది.

మొదటి ఇంగ్లండు జాతీయ పోటీ 1876లో లండన్ పక్కన ఎప్పింగ్ అడవిలో జరిగింది. జరిగింది అనడం కూడా తప్పే. పరుగెత్తినవాళ్ళందరూ అడవిలో దారి తప్పారు! పందెం రద్దు చేసి మరుసటి ఏడు, 1877లో, మళ్ళీ పెట్టారు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి యూనివర్శిటీల మధ్య ఈ పోటీ 1880లో మొదలయింది. ఆడవాళ్ళకు ఇంగ్లండు జాతీయ పోటీ రావడానికి 1927 దాకా పట్టింది. దేశాల మధ్య పోటీ 1903లో స్కాట్లండులో మొదలయింది. 1973లో బెల్జియంలోని వారెగెమ్ అనే ఊళ్ళో అదే ప్రపంచ పోటీగా మారింది. ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళ బురద ఆట అనుకున్నదాన్ని కెన్యావాళ్ళు తమదిగా చేసుకున్నారు. 1986 నుంచి 2003 దాకా వరుసగా పద్దెనిమిదేళ్ళు పురుషుల జట్టు బహుమతి కెన్యాను విడిచి పోలేదు. 2017 ప్రపంచ పోటీ నుంచి ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఒకే దూరం, 10 కిలోమీటర్లు, పెట్టారు.

చలికాలమే ఎందుకు?

నది మీద పడవ నడపలేనివాళ్ళు, వేసవి ట్రాక్ పందేలు ముగిసినవాళ్ళు చలికాలంలో పరుగెత్తారు, సరే. కాని దీనికి శాస్త్రీయమైన కారణం కూడా ఉంది. నా సబ్జెక్టు గనుక కొంచెం లెక్క చెప్పనివ్వండి.

పరుగెత్తేటప్పుడు ఒక మనిషికి, ఒక కిలో బరువుకు, ఒక కిలోమీటరుకు దాదాపు ఒక కిలోకేలరీ ఖర్చవుతుంది. 60 కిలోల విద్యార్థి 8 కిలోమీటర్లు పరుగెడితే 480 కిలోకేలరీలు. ఇందులో సుమారు నాలుగోవంతే కదలికకు ఉపయోగపడుతుంది. మిగతా మూడువంతులు, అంటే 360 కిలోకేలరీలు, వేడిగా మారుతుంది. ఆ వేడి ఒంట్లోనే ఉండిపోతే జ్వరం వచ్చినట్లే. దాన్ని బయటికి పంపే ముఖ్య సాధనం చెమట. ఒక గ్రాము చెమట ఆవిరైతే 0.58 కిలోకేలరీల వేడి తీసుకుపోతుంది. ఆ 360 కిలోకేలరీలనూ చెమటే తీసుకుపోవాలంటే 600 గ్రాముల పైచిలుకు చెమట ఆవిరి కావాలి. 'కారాలి' అనలేదు, 'ఆవిరి కావాలి' అన్నాను. కారి నేల మీద పడిన చెమట వల్ల ఒళ్ళు చల్లబడదు. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆవిరి కాదు. మన సముద్రతీరపు ఊళ్ళలో మే నెలలో మెట్లెక్కినా ఆయాసం వచ్చేది ఇందుకే. చలిగాలి అయితే సగం పని అదే చేసిపెడుతుంది.

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో 1924 పారిస్ ఒలింపిక్సులో లోకం చూసింది. అంతకుముందు 1912లోను, 1920లోను ఒలింపిక్సులో క్రాస్‌కంట్రీ ఉంది. 1924లో ఈ పందేన్ని జూలై నెలలో, 40 డిగ్రీలు దాటిన ఎండలో పెట్టారు. 38 మంది బయలుదేరారు, 15 మంది ముగించారు. దారిపొడుగునా మనుషులు సొమ్మసిల్లి పడిపోయారు. ఫిన్లండుకు చెందిన పావో నుర్మి మాత్రం తోటలో షికారుకు వెళ్ళివచ్చినట్లు వచ్చి, రెండో మనిషి కంటే నిమిషం పైగా ముందు ముగించాడు. ఆ తరువాత ఈ పందేన్ని ఒలింపిక్సు నుంచి తీసేశారు. ఒలింపిక్సు వేసవిలో జరుగుతుంది, ఇది చలికాలపు పంట. రెంటికీ పొత్తు కుదరలేదు.

అయితే ఆ రోజు కథలో నాకు నచ్చే మనిషి నుర్మి కాడు. జట్టు బహుమతికి ఒక్కొక్క దేశానికి ముగ్గురిని లెక్కపెట్టారు. ఫిన్లండుకు మొదటి రెండు స్థానాలూ వచ్చాయి, కాని మూడో మనిషి లేకపోతే జట్టే లేదు. ఆ మూడో మనిషి పేరు హెయిక్కి లీమటాయినెన్. ఎండదెబ్బకు తూలిపోతూ స్టేడియం చేరాడు. ముగింపు గీతకు కొద్ది దూరంలో, ఎక్కడున్నాడో తెలియక, ఆగిపోయాడు. జనం కేకలు వేసిన మీదట మెల్లగా నడిచి గీత దాటాడు. వచ్చింది పన్నెండో స్థానం. ఆ పన్నెండో స్థానంతోనే ఫిన్లండు జట్టుకు స్వర్ణపతకం వచ్చింది. రికార్డు పుస్తకాలలో నుర్మి పేరు పెద్ద అక్షరాలలో ఉంటుంది. అయినా ఆ పతకంలో ఇద్దరికీ సమాన భాగమే.

ఆరోవాడి లెక్క

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ పందెంలో వ్యక్తికి బహుమతి ఉంది గాని, క్లబ్బువాళ్ళు ఇంటికి పోతూ మాట్లాడుకునేది జట్టు సంగతే. లెక్క చాలా సులభం. ఎన్నో స్థానంలో వస్తే అన్ని పాయింట్లు. జట్టులో మొదట వచ్చిన ఆరుగురి పాయింట్లు కలుపుతారు. తక్కువ పాయింట్లు వచ్చిన జట్టు గెలిచినట్లు. కొన్ని పోటీల్లో ఆరుగురికి బదులు నలుగురిని లెక్కపెడతారు, సూత్రం మాత్రం అదే.

ఒక ఉదాహరణ చూడండి. రెండు హాస్టళ్ళ మధ్య పందెం అనుకుందాం. మొదటి హాస్టలులో ముగ్గురు మహావీరులున్నారు. వాళ్ళు 1, 2, 3 స్థానాలు తీసుకున్నారు. ఆ జట్టులో తక్కిన ముగ్గురు 10, 11, 12 స్థానాల్లో వచ్చారు. మొత్తం 39. రెండో హాస్టలులో వీరులెవరూ లేరు. ఆరుగురూ గుంపుగా 4, 5, 6, 7, 8, 9 స్థానాల్లో వచ్చారు. కలిపి చూడండి, అదీ 39! మరి ఎవరు గెలిచినట్లు? పాయింట్లు సమానమైతే ఎవరి ఆఖరి లెక్కమనిషి ముందు వచ్చాడో ఆ జట్టు గెలుస్తుంది. రెండో హాస్టలు ఆరోవాడు తొమ్మిదో స్థానంలో ఉన్నాడు, మొదటి హాస్టలు ఆరోవాడు పన్నెండో స్థానంలో ఉన్నాడు. కప్పు రెండో హాస్టలుది. మొదటి మూడు బహుమతులూ కొట్టేసినవాళ్ళు ఓడిపోయారు, బహుమతి ఒక్కటీ రానివాళ్ళు గెలిచారు.

ఇంకో మెలిక ఉంది. లెక్కలోకి రాని ఏడోవాడు కూడా దండగ కాడు. రెండో హాస్టలు ఏడోవాడు ప్రాణం బిగబట్టి, మొదటి హాస్టలు ఆరోవాణ్ణి దాటి, పన్నెండో స్థానంలో వచ్చాడనుకోండి. అతని పాయింట్లు తన జట్టుకు కలవవు. కాని ఎదుటి జట్టు ఆరోవాడు పదమూడుకు జారతాడు. వాళ్ళ మొత్తం 40 అవుతుంది. తనకు పాయింటు రాకపోయినా ఎదుటివాళ్ళకు బరువు పెంచాడన్న మాట.

ముగింపు దగ్గర ఏర్పాటు కూడా చూడ ముచ్చటగా ఉండేది. గుంజలు పాతి, తాళ్ళు కట్టి, గరాటులాంటి సన్నదారి చేస్తారు. గీత దాటినవాళ్ళు వచ్చిన వరసలోనే ఆ దారిలో నడవాలి. చివర ఒకాయన నంబరు వేసిన బిళ్ళలు వరసగా చేతికిస్తాడు. ప్రతి ఒక్కరూ తమ బిళ్ళ తెచ్చి జట్టు నాయకుడికి ఇస్తారు. ఆయన వాటిని కాగితం మీద వ్రాసి కలుపుతాడు. ఫలితం తయారు. చివరి మనిషి వచ్చేదాకా ఆ తాళ్ళు విప్పరు. చివరి మనిషికి కూడా బిళ్ళ ఇస్తారు. నా మొదటి పందెంలో నాకు దొరికిన బిళ్ళ మీద 287 అని ఉంది. దాన్ని తిరిగి ఇచ్చెయ్యాలని తెలియక జేబులో వేసుకోబోతే అందరూ నవ్వారు. ట్రాక్ నుంచి తప్పుకోమన్న ఆ పాత సంగతి వాళ్ళకు తెలియదు గదా! ఎంత వెనుకనైతేనేం, నాకొక నంబరు వచ్చింది. నేను ఎన్నోవాణ్ణో ఒక కాగితం మీద ఉంది.

ఫిబ్రవరి శనివారం

ఆ ఏడాది మా క్లబ్బు లీగు పోటీల్లో అడుగునుంది. ఆఖరి పందెం ఫిబ్రవరిలో. పక్క ఊరి క్లబ్బు మీద గెలిస్తే మొదటి డివిజన్‌లో నిలుస్తాం, లేకపోతే రెండో డివిజన్‌లోకి పడిపోతాం. మాలో ఇద్దరు జలుబుతో మంచమెక్కారు, ఒకరికి డ్యూటీ పడింది. బయలుదేరేసరికి మేము సరిగ్గా ఏడుగురం. నేను ఏడోవాణ్ణి.

రాత్రంతా మంచు పడి, ఉదయం కరిగి, నేలంతా గుజ్జుగా ఉంది. మూడు రౌండ్లు. ఆఖరి రౌండులో ఒక గుట్ట ఎక్కాలి. ఆ గుట్ట మొదట్లో మా గాజు పరికరాల పెద్దాయన నిలబడి ఉన్నాడు. మోకాలు నొప్పి వల్ల ఆ రోజు ఆయన పరుగెత్తలేదు. నన్ను చూసి, "ఆ ముందున్న రెండు ఆకుపచ్చ బనీన్లూ చూడు! వాళ్ళ ఐదోవాడూ ఆరోవాడూ వాళ్ళే! ఇద్దరూ లెక్కలోవాళ్ళే!" అని గొంతు చించుకొని అరిచాడు.

నేను వీరుణ్ణి కాను. ఆ గుట్ట మీద నాకు కనిపించింది ఆ రెండు ఆకుపచ్చ బనీన్లు మాత్రమే. గుట్ట మీద ఒకణ్ణి దాటాను. రెండోవాణ్ణి గరాటు తాడు మొదట్లో, భుజం రాసుకుంటూ, దాటాను. అవతల గడ్డి మీద ఇద్దరమూ పక్కపక్కనే కూలబడ్డాం. వాడే నాకు ముందు చెయ్యి అందించాడు.

బిళ్ళలు కలిపితే మా మొత్తం 642, వాళ్ళ మొత్తం 643. నేను ఆ ఇద్దరి వెనుక వచ్చి ఉంటే వాళ్ళిద్దరికీ చెరొక పాయింటు తగ్గి 641 అయ్యేది, మేము ఓడిపోయేవాళ్ళం. ఫలితాల కాగితంలో మా జట్టు కింద ఆరు పేర్లున్నాయి. నా పేరు అందులో లేదు. కాని టీ డ్రమ్ము దగ్గర మొదటి గ్లాసు నాకిచ్చారు.

"మాకు మనుషులు తక్కువయ్యారు" అని ఆ పెద్దాయన అక్టోబరులో అన్న మాట అప్పుడు నాకు అర్థమయింది.

టీ, సూపు, హాండికాప్

పరుగు ముగిశాక వచ్చే గంట గురించి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. బురద కాళ్ళు కడుక్కొని, పొడి బట్టలు వేసుకొని, అందరూ ఒక గదిలో చేరతారు. క్లబ్బువాళ్ళ ఇళ్ళలో చేసిన కేకులు, సూపు, ఉడికించిన బంగాళాదుంపలు, టీ. గెలిచినవాడూ చివరివాడూ ఒకే బల్ల దగ్గర. ప్రతివాడూ తన పరుగును మొదటి నుంచి చివరిదాకా వర్ణిస్తాడు. ఎవరూ వినరు. తమ వంతు కోసం కాచుకుంటూ ఉంటారు. మా హాస్టలు మెస్సులో పరీక్ష వ్రాసి వచ్చిన రోజు ఎలా ఉండేదో అచ్చంగా అలాగే ఉండేది.

క్రిస్మస్ రోజుల్లో హాండికాప్ పందెం పెట్టేవారు. ఇందులో అందరికంటే మెల్లగా పరుగెత్తేవాళ్ళు ముందు బయలుదేరతారు. 8 కిలోమీటర్లకు ఒకరికి 40 నిమిషాలు, ఒకరికి 32, ఒకరికి 28 పడుతుందనుకోండి. మొదటి మనిషి బయలుదేరిన 8 నిమిషాలకు రెండో మనిషి, 12 నిమిషాలకు మూడో మనిషి. అంచనా సరిగ్గా ఉంటే అందరూ ఒకేసారి ముగింపు చేరాలి. కాబట్టి గెలిచేది వేగస్థుడు కాదు, తన అంచనాను మించినవాడు. ఈ లెక్కలు వేసేందుకు మా క్లబ్బులో ఒక ముసలాయన ఉండేవాడు. ఆయన దగ్గర ఒక నోటుబుక్కు. ముందు పందేల్లో కావాలని మెల్లగా పరుగెత్తి ఎక్కువ నిమిషాలు సంపాదిద్దామనుకునే తెలివిగలవాళ్ళను ఆయన కళ్ళజోడు పైనుంచి ఒక చూపు చూసేవాడు. అంతే, నిమిషం కోత. ఆ రోజు వింత వేషాలు వేసుకొని పరుగెత్తడం ఆనవాయితీ. నన్ను పంచె కట్టుకొని రమ్మన్నారు. గోచీ బిగించి పరుగెత్తాను. పంచెకు ముళ్ళతీగ తగిలిన సంగతి మాత్రం ఇక్కడ వ్రాయను.

పాతకాలంలో ఈ క్లబ్బుల్లో ఇంకో మంచి పద్ధతి ఉండేది. మామూలు శనివారాల్లో పందెం లేకుండా గుంపుగా పరుగెత్తేవారు. గుంపుకు ముందొకడు వేగం నిర్ణయించేవాడు, అతన్ని ఎవరూ దాటకూడదు. గుంపుకు వెనుకొకడు కాపు. ఎవరూ వెనుకబడిపోకుండా చూడటం అతని పని. చివరి మైలులో మాత్రం ఎవరి ఓపిక కొద్దీ వాళ్ళు పరుగు తీయవచ్చు. ముందొకడూ వెనుకొకడూ ఉంటే మధ్యలోవాడు ధైర్యంగా పరుగెడతాడు. చదువు చెప్పడంలో కూడా ఇదే సూత్రమని ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నేను తెలుసుకున్నాను.

మన కాలేజీలో?

మంచు, గడ్డి, కేకులు మనకు లేవు. ఫర్వాలేదు. మనకు డిసెంబరు, జనవరి ఉదయాలున్నాయి. ఉదయం ఆరుకు బయలుదేరితే ఎండెక్కక ముందే ఎనిమిది కిలోమీటర్లు ముగించవచ్చు. ఇప్పుడు మన నగరాల్లో పరుగు మీద మోజు బాగా పెరిగింది. హైదరాబాదులో 2007లో మొదలైన రన్నర్స్ సంఘంలాంటివి వేలమందిని రోడ్డెక్కించాయి. సంతోషమే. అయితే అక్కడ ప్రతివాడూ తన గడియారంతో తాను పోటీపడుతున్నాడు. నేను చెప్పేది జట్టు పరుగు గురించి.

విద్యార్థి సంఘానికి నా సూచనలు ఇవి. సంక్రాంతి సెలవులకు హాస్టళ్ళు ఖాళీ కాక ముందు, జనవరి మొదటి వారంలో, ఒక హాస్టళ్ళ పరుగు పెట్టండి. కాలేజీ ప్రహరీ లోపల, చెట్ల కిందుగా, మట్టి దారుల్లో మార్గం వేయండి. కాగితాలు చల్లితే ఊడ్చేవాళ్ళు తిడతారు గనుక ముగ్గుపిండితో గుర్తులు పెట్టండి. మలుపు మలుపునా ఒక మనిషిని నిలబెట్టండి, ఎప్పింగ్ అడవి సంగతి మరువవద్దు. తాళ్ళు కట్టండి, అట్టముక్కల మీద నంబర్లు వ్రాసి బిళ్ళలుగా ఇవ్వండి. ఖర్చు వంద కప్పుల టీ పాటి కూడా కాదు. ఆరుగురిని లెక్కపెట్టండి. ఆడపిల్లల హాస్టలుకూ అదే మార్గం, అదే దూరం, అదే లెక్క. లెక్చరర్లు ఒక జట్టుగా రండి, మీరు చివర వస్తే విద్యార్థులకు కలిగే ఆనందం మీరు ఏ పాఠం చెప్పీ కలిగించలేరు. ఊళ్ళో ఉన్న పూర్వ విద్యార్థులు తమ జట్టు తామే కట్టుకోవచ్చు. మంచినీళ్ళు, ఒక డాక్టరు తప్పనిసరి. జ్వరంతో ఉన్నవాళ్ళను ఎంత బతిమాలినా పరుగెత్తనివ్వవద్దు. చివర మెస్సులో అందరికీ ఒకే వరసలో ఇడ్లీ, టీ పెట్టండి.

ఒక్క నియమం మాత్రం నా పేరు మీద పెట్టమని కోరుతున్నాను. చివరి విద్యార్థి గీత దాటేదాకా తాళ్ళు విప్పకూడదు, ముఖ్య అతిథి కుర్చీలోంచి లేవకూడదు. ఆ విద్యార్థికి బిళ్ళ ఇచ్చి, ఆ నంబరు కాగితం మీద వ్రాయాలి. ఆరోగ్యం సహకరిస్తే బిళ్ళలిచ్చే పని నాకే ఇప్పించండి. ఇక పరుగెత్తలేను గాని, నిలబడగలను.

నిలబడి నీళ్ళు తాగడం మేలన్న పెద్దల మాట కొట్టిపారెయ్యను. పరుగెత్తినా నాకు పాలు దొరకలేదు. దొరికింది ఒక గ్లాసెడు టీ. దాని వేడి చేతికి ఇంకా తెలుస్తూనే ఉంది.